మెడ వంగనివారికి హలాసనమా?

పోయిన వేసవిలో ఒకనాడు ఓపీ ముగించి లేవబోతున్నాను. అరవై దాటిన రైతు ఒకాయన కొడుకు భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు. కూర్చోమంటే నడుము వంచలేక, కొయ్యబొమ్మలాగా కుర్చీలో ఒక్కసారిగా కూలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, ఏమిటి బాధ?" అన్నాను.

"చేతులు తిమ్మిరి సారూ. చొక్కాకి గుండీ పెట్టుకోవటం రావట్లా. మొన్న పొలం నుంచి వస్తావుంటే కాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది. ఇంటికొచ్చిందాకా తెలవలా."

గుండీ మాట వింటే డాక్టరుకు అనుమానం వస్తుంది. చెప్పు మాట వింటే భయం వేస్తుంది. చేతివేళ్లకు పట్టు తప్పడం, కాలిచెప్పు ఊడినా తెలియకపోవడం రెండూ కలిసి వచ్చాయంటే మెడలో వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. కొడుకు చెప్పాడు. ఊళ్లో యోగా క్లాసు పెట్టారట. ఈయన నాలుగు వారాలు ఉత్సాహంగా వెళ్లాడట. వెల్లకిలా పడుకుని కాళ్లు తల వెనక్కి వేసే ఆసనం ఈయనకు రాలేదట. రాకపోతే ఇద్దరు కుర్రాళ్లు చెరో కాలూ పట్టుకుని వేయించారట. తిమ్మిరి ఆ రాత్రే మొదలయిందట.

అది హలాసనం. హలమంటే నాగలి. జీవితమంతా నాగలి పట్టిన మనిషికి నాగలి పేరుగల ఆసనమే చేటు తెచ్చింది చూడండి.

ఎక్స్‌రే తీయించాం. మెడ పూసలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఎముకకూ ఎముకకూ మధ్య పట్టీల్లాగా ఉండి వంగవలసిన లిగమెంట్లు కూడా గట్టిపడి ఎముకలాగే కనిపించాయి. ఆ పెద్దాయనకు ఫ్లోరైడు జబ్బు ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలియదు, క్లాసు చెప్పినవారికీ తెలియదు. వెన్నుపాము ఉండే గొట్టం అప్పటికే ఇరుకైపోయి ఉంది. బలవంతంగా మెడ వంచడంతో నలగడం మొదలయింది. వెంటనే మెడకు పట్టీ వేసి పెద్దాసుపత్రికి పంపాం.

తప్పంతా ఆ క్లాసు చెప్పిన అబ్బాయిదేనని నేననను. అతను శ్రద్ధగలవాడు. ఆసనాల పేర్లన్నీ తెలుసు, అన్నీ చక్కగా వేసి చూపిస్తాడు. ఏ ఆసనం ఏ కీలు మీద ఎంత బరువు వేస్తుందో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. తరువాత అతనే నన్ను వెతుక్కుంటూ వచ్చి, "డాక్టరు గారూ, క్లాసు మూసేయమంటారా?" అని అడిగాడు. మూయవద్దు, మార్చు అన్నాను. ఎలా మార్చాలో మేమిద్దరం కూర్చుని అనుకున్న సంగతులే ఈ వారం మీకు చెబుతున్నాను. మీ ఊళ్లో క్లాసు ఉంటే మీకూ పనికివస్తాయి. ఇంట్లో పుస్తకం చూసి ఆసనాలు వేసేవారికి మరీ పనికివస్తాయి.

మన నేల, మన నీళ్లు

చంద్రశేఖరపురం, పామూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు పల్లెల వారికి ఈ జబ్బు కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగిసిపోయే జబ్బును మొట్టమొదట వైద్యులు గుర్తించి ప్రపంచానికి చెప్పినది మన నెల్లూరు పల్లెలను చూసే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన డాక్టర్లు, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, వారి ఎక్స్‌రేలతో సహా వైద్య పత్రికలో ప్రచురించారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970 దాకా నెల్లూరు జిల్లాలోవే గదా.

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే, చిన్నప్పుడైతే పళ్ల మీద గోధుమరంగు గారలు ఏర్పడతాయి. పెద్దయ్యాక ఎముకల్లోనూ లిగమెంట్లలోనూ పేరుకుంటుంది. "ఇప్పుడు మేము ప్లాంటు నీళ్లు తాగుతున్నాం, మాకేం భయం?" అని చాలామంది అడుగుతారు. మంచి నీళ్లు తాగడం మంచిదే, మానవద్దు. కానీ ముప్ఫై ఏళ్లు బోరు నీళ్లు తాగిన ఎముకలు అందులో చేరినదాన్ని అంత త్వరగా వదలవు. గట్టిపడిన లిగమెంటును ఏ ఆసనమూ మెత్తబరచలేదు. అలా మెత్తబరుస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి యోగా ఎందుకంటారా? ఇంకా కదులుతున్న కీళ్లను కదులుతూ ఉంచడానికి. కండరాల్లో బలం నిలుపుకోవడానికి. తూలి పడకుండా ఉండడానికి. బిగిసిన మనిషి కింద పడితే దెబ్బ ఎక్కువ తగులుతుంది, అంచేత ఈ చివరిది చిన్న లాభం కాదు.

క్లాసు మొదలుపెట్టే ముందు మూడు పరీక్షలు

ఫ్లోరైడు జబ్బు నివారణకు కేంద్ర ప్రభుత్వం 2008-09లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో పల్లెల్లో పనిచేసే సిబ్బందికి నేర్పే మూడు సులువైన పరీక్షలున్నాయి. యంత్రాలు అక్కరలేదు, ఒక రూపాయి బిళ్ల చాలు.

మొదటిది, బిళ్లను నేల మీద పెట్టి మోకాళ్లు వంచకుండా తీయగలరా? రెండోది, నోరు మూసి గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? మూడోది, చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనక భాగాన్ని తాకగలరా? ఎవరూ బలవంతం చేయకూడదు. వచ్చినంతవరకే చేయాలి. నొప్పి తోచిన చోట ఆగిపోవాలి.

ఈ మూడింటిలో ఏదైనా రాకపోతే ఫ్లోరోసిస్ వచ్చేసిందని కంగారు పడనక్కరలేదు. వయసు వల్ల, కీళ్ల అరుగుదల వల్ల, పాత దెబ్బల వల్ల కూడా రాకపోవచ్చు. అటువంటివారు ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి, అంతే. యోగా టీచరుకు మాత్రం ఈ మూడూ బంగారం లాంటి పరీక్షలు. ఎందుకంటారా? మొదటిది నడుమునూ తుంటినీ చూస్తుంది. రెండోది మెడను చూస్తుంది. మూడోది భుజాన్ని చూస్తుంది. క్లాసుకు కావలసిన పాఠ్యప్రణాళిక అక్కడే తయారయిపోయింది!

ఆ అబ్బాయి క్లాసుకు వచ్చే నలభై మందినీ ఇలా పరీక్షించాం. బిళ్ల తీయలేనివారు పదకొండు మంది. గడ్డం ఆనించలేనివారు ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురు నెలరోజులుగా సర్వాంగాసనం వేస్తున్నారు! విని నాకు చెమటలు పట్టాయి.

రోజుకొక అవయవం

2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో 3 లక్షల మందికి పైగా జనం ఒక్కచోట చేరి ఆసనాలు వేశారు. ఆ సంవత్సరం 'యోగాంధ్ర' పేరుతో పల్లెపల్లెకూ యోగా వెళ్లింది. ఇటువంటి సభల్లో అందరికీ ఒకే వరస చేయించడం తప్పనిసరి. కేంద్ర ఆయుష్ శాఖ తయారుచేసిన ఉమ్మడి వరస కూడా 45 నిమిషాల్లో అయిపోయేలా ఉంటుంది. ముందు కీళ్లు సడలించడం, తరువాత నిలబడి, కూర్చుని, బోర్లా, వెల్లకిలా వేసే ఆసనాలు, చివర ప్రాణాయామం, ధ్యానం. మంచి వరసే. దానితో నాకు పేచీ లేదు. కానీ ఏడాది పొడుగునా నడిచే పల్లె క్లాసులో రోజూ అదే చేయిస్తే ఏమవుతుంది? వచ్చినవారికి వచ్చినవే వస్తాయి, రానివారు పక్కవాణ్ణి చూసి లాగి లాగి వేస్తారు. టీచరు నలభై మందిలో ఎవరిని చూడగలడు?

దానికి బదులు రోజుకొక అవయవం తీసుకోండి. ఈ రోజు తుంటి అనుకుంటే టీచరు కళ్లు నలభై మంది తుంటి మీదే ఉంటాయి. ఎవరిది బిగిసింది, ఎవరిది వదులుగా ఉంది అన్నది కనిపిస్తుంది. వచ్చినవారికీ 'ఈ రోజు ఇక్కడ పని జరుగుతోంది' అని తెలుస్తుంది. ఒక భాగానికి గట్టిగా పని చెప్పాక రెండు రోజులు దానికి తేలిక పని పెట్టాలి. కండరం కోలుకునేది ఆ విరామంలోనే.

'ఋషులు చెప్పిన ఆసనాలకు ఈ ఎముకల లెక్క ఏమిటండీ?' అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. అయ్యా, ఆ లెక్క మొదట వేసినవారు యోగులే. స్వామి కువలయానంద 1924లో లోనావ్లాలో కైవల్యధామం స్థాపించి, యోగక్రియలు చేసేటప్పుడు శరీరం లోపల ఏం జరుగుతుందో ఎక్స్‌రే తీసి మరీ పరిశీలించారు. వందేళ్ల కిందటే ఒక సన్యాసి చేసిన పనికి మనం ఇవాళ సిగ్గుపడడమెందుకు?

ఆ అబ్బాయినీ నేను హైస్కూలు సైన్సు గదికి తీసుకుపోయాను. అక్కడ ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంది. దాని ముందు రెండు సాయంత్రాలు కూర్చున్నాం. నడుము దగ్గరున్న 5 పూసలను చేత్తో తిప్పి చూడమన్నాను. ముందుకూ వెనక్కూ వంగుతున్నాయి గానీ పక్కకు తిరగడం దాదాపు లేదు. వాటి మధ్యనున్న చిన్న కీళ్లు అలా అడ్డుపడతాయి. పైన పక్కటెముకలు తగులుకున్న 12 పూసలు మాత్రం అంతకంటే బాగా తిరుగుతాయి. "మరి అర్ధమత్స్యేంద్రాసనంలో నడుము పిండినట్టు తిప్పమంటాం కదండీ?" అన్నాడు అతను. అదే పొరపాటు. మోకాలికి మోచేయి అడ్డం పెట్టి మెలితిప్పితే, తిరగని నడుమును తిప్పినట్టవుతుంది. నిటారుగా కూర్చుని ఛాతీని మాత్రం తిప్పాలి. కింద పిరుదు కాస్త కదిలినా ఫరవాలేదు, కదలనివ్వండి.

తరువాత తుంటి. తొడ ఎముక పైన బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో ఇమిడి ఉంటుంది. ఆ గిన్నె లోతు, అది ఎటు తిరిగి ఉంది అన్నది మనిషికీ మనిషికీ తేడా. అంచేత పద్మాసనం కొందరికి పదిరోజుల్లో వస్తుంది, కొందరికి పుట్టాక రాదు. అది సోమరితనం కాదు, ఎముక తీరు. తుంటి తిరగనప్పుడు పాదాన్ని లాగి తొడ మీద పెడితే ఆ మెలిక అంతా మోకాలు మీద పడుతుంది. మోకాలు ముఖ్యంగా తలుపు బందు వంటిది, మడతపడడానికే పుట్టింది, మెలితిరగడానికి కాదు. లోపల మృదులాస్థి చిరిగేది అప్పుడే. పద్మాసనం రానివారు మామూలుగా బాసింపట్టు వేసుకుని కింద దుప్పటి మడిచి వేసుకుంటే పోయేదేమీ లేదు. ధ్యానం మోకాలితో చేసేది కాదు గదా!

మోకాళ్ల సంగతి వచ్చింది గనుక ఒక మాట. ఫ్లోరైడు ప్రాంతాల్లో కొందరు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటాయి. నల్గొండ వైపు ఇటువంటివారిని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు పరీక్షించి 1973లో రాశారు. అటువంటి కాళ్లున్నవారికి వజ్రాసనం, పద్మాసనం రెండూ వద్దు. బల్ల మీదో కుర్చీలోనో కూర్చుని కాలు చాచి ఐదు లెక్కపెట్టేదాకా నిలిపితే తొడ కండరం బలపడుతుంది. మోకాలికి అదే కాపలా.

కలుపు తీసే చేతులకు ఏ ఆసనం?

ఇక్కడ టీచర్లు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మన ఆడవాళ్లు కందిచేలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి కలుపు తీస్తారు. పొగాకు మండెల దగ్గర కూర్చుని వంగే పని చేస్తారు. తెల్లవారి క్లాసుకు వస్తే టీచరు మళ్లీ పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం అని వంచుతాడు! రోజుకు ఎనిమిది గంటలు వంగిన నడుముకు మళ్లీ వంగడం మందవుతుందా?

ముందుకు వంగినప్పుడు పూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. స్వీడన్‌లో నాకెమ్సన్ అనే డాక్టరు డిస్కులోకి సూది పెట్టి ఆ ఒత్తిడిని కొలిచి చూశాడు. నిలబడినప్పటికంటే కూర్చుని ముందుకు వంగినప్పుడు ఎక్కువ ఉంది. కాళ్లు బారచాచి కూర్చుని వంగితే ఇంకో చిక్కు. తొడ వెనక కండరం బిగువుగా ఉన్నవారికి తుంటి కదలదు, నడుమే విల్లులా వంగిపోతుంది. వేలు కాలి బొటనవేలికి తగిలిందని మురిసిపోతారు, డిస్కు మాత్రం వెనక్కి తోసుకువస్తూ ఉంటుంది.

ముట్లుడిగిన స్త్రీల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు ఎముకలు పల్చబడిన 59 మంది స్త్రీలను పరిశీలించి 1984లో ఫలితాలు చెప్పారు. నడుము వెనక్కి సాచే వ్యాయామం చేసినవారిలో నూటికి 16 మందికి వెన్నుపూసలు కొత్తగా నొక్కుకుపోయాయి. ముందుకు వంగే వ్యాయామం చేసినవారిలో నూటికి 89 మందికి! ఏ వ్యాయామమూ చేయనివారిలో 67. అంటే తప్పుడు వ్యాయామం చేయడం కంటే ఊరికే కూర్చున్నవారే కొంత నయంగా ఉన్నారు. చిన్న పరిశీలనే, అయినా మరిచిపోరానిది.

కాబట్టి కలుపు రోజుల్లో నడుము పాఠం ఇలా ఉండాలి. ముందు పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు చేతులూ మోకాళ్ల మీద నిలబడి వీపును మెల్లగా పైకీ కిందికీ పదిసార్లు కదపాలి. తరువాత బోర్లా పడుకుని భుజంగాసనం, చేతులతో నెట్టకుండా, వీపు బలంతో లేచినంతే. ఛాతీ నాలుగు వేళ్లు లేస్తే చాలు. తరువాత ఒక్కొక్క కాలుతో శలభాసనం. వెల్లకిలా తిరిగి మోకాళ్లు పొట్ట మీదికి తెచ్చుకుని విశ్రాంతి. ముందుకు వంగే ఆసనం ఆ వారం ఒక్కటీ వద్దు. చంకన బిందె మోసేవారు ఎప్పుడూ ఒకే పక్క మోస్తారు, వారికి నిలబడి రెండో పక్కకు మెల్లగా వంగే ఆసనం చేయించండి. పని లేని రోజుల్లో, బిళ్ల పరీక్ష నెగ్గినవారికి, మోకాళ్లు కాస్త మడిచి ముందుకు వంగడం చేయించవచ్చు.

భుజం పాఠం తేలిక. గోడకు వీపు ఆనించి చేతులు గోడ వెంట పైకి పాకించడం, తువ్వాలు రెండు చేతులా పట్టి పైకెత్తడం చాలు. పాదాల పాఠం అందరూ చిన్నచూపు చూస్తారు గానీ, గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద పది లెక్కపెట్టడం ముసలివారిని పడకుండా కాపాడుతుంది. ఊపిరి పాఠం వారానికొక రోజు. మార్కాపురం పలకల పని, క్వారీ పని చేసినవారు, ఆయాసం ఉన్నవారు ఛాతీ పరీక్ష చేయించుకున్నాకే కపాలభాతి జోలికి వెళ్లాలి. రక్తపోటు, హెర్నియా ఉన్నవారికి, గర్భిణులకు అసలు వద్దు. మామూలుగా నెమ్మదిగా లోపలికీ బయటికీ ఊపిరి తీయడం ఎవరికీ చెడు చేయదు.

మెడ దగ్గర మాత్రం నేను మొండివాణ్ణి

గడ్డం ఛాతీకి ఆననివారు శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం వేయకూడదు. మత్స్యాసనం, ఉష్ట్రాసనం కూడా వద్దు. మెడ వెనక్కి వాల్చినప్పుడు వెన్నుపాము గొట్టం ఇంకా ఇరుకవుతుంది. పిరుదులు పైకెత్తే సేతుబంధాసనం కూడా వారికి వద్దు, అక్కడా మెడ మడతపడుతుంది. మెడను గుండ్రంగా తిప్పించడం అంతకంటే వద్దు. రక్తపోటు, నీటికాసులు ఉన్నవారు మెడ బాగున్నా తలకిందులు కావద్దు.

చేతుల్లో తిమ్మిరి, వేళ్లు పట్టు తప్పడం, కాళ్లు బరువెక్కి బిగుసుకోవడం, చీకట్లో నడిస్తే తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా క్లాసు మానేసి ఆసుపత్రికి రండి. నూనె రాసి పిసికించవద్దు. మెడ విరిపించుకోవడం అసలు వద్దు.

ఇవేవీ లేని వారికి మెడ పాఠం ఏమిటంటే, అరచేయి నుదుటికి ఆనించి తలతో మెల్లగా నెట్టాలి, చేయి ఆపాలి, తల కదలకూడదు. ఐదు లెక్కపెట్టి వదలాలి. అలాగే రెండు పక్కలా, వెనకా. మెడ కదలకుండానే కండరం పనిచేస్తుంది. తలను పక్కకు తిప్పడం నొప్పి లేనంతవరకు చేయవచ్చు. మెడ తిరగడంలో దాదాపు సగం పైనున్న మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది, తొందరపడితే అవి ఓర్చుకోవు.

ఒక్కొక్క రోజు పాఠానికి 45 నిమిషాలు చాలు. అందులో మొదటి 10 నిమిషాలు ఆ కీలును బరువు లేకుండా కదపడానికి, చివరి 10 నిమిషాలు శవాసనానికి ఉంచండి. చాలా క్లాసుల్లో సమయం చాలలేదని ముందు తెగ్గోసేది శవాసనాన్నే. పగలంతా ఎండలో పనిచేసేవారికి అంతకంటే ముఖ్యమైన ఆసనం నాకు తెలియదు. వెల్లకిలా పడుకుంటే మెడ వెనక్కి వాలిపోయేవారికి తల కింద దుప్పటి మడిచి పెట్టండి. మరొకటి, ఎవరి కాలూ చేయీ ఎవరూ పట్టి లాగకూడదు. ఈ నియమాన్ని ఆ అబ్బాయి బోర్డు మీద రాసిపెట్టాడు.

నీళ్లు పరీక్ష చేయించుకోండి. పాలు, రాగులు, మునగాకు, ఉసిరికాయ తినండి. అందుబాటులో ఉన్నవే చెబుతున్నాను.

ఆ పెద్దాయనకు పట్నంలో ఆపరేషను అయింది. కర్ర సాయంతో నడుస్తున్నాడు. గుండీలు ఇప్పటికీ ఆయన భార్యే పెడుతుంది, పై గుండీ మాత్రం ఆయనే పెట్టుకుంటానని పట్టుపడతాడట. డాక్టర్లు ఒప్పుకున్నాక మళ్లీ క్లాసుకు వస్తున్నాడు. ఆయన కోసం స్కూలు నుంచి ఒక కుర్చీ తెచ్చి ముందువరసలో వేశారు. పాదాల పాఠం రోజున, భుజాల పాఠం రోజున వస్తాడు. మెడ పాఠం రోజున ఇంటి దగ్గరే ఉంటాడు.